కత్తి విడిచి కాలువ త్రవ్వించిన సైనికుడు



మన మెదకు సీమలో ఘనపురం ఆనకట్ట దాటి సాగిపోవు మంజీర నీరు కందకుర్తియొద్ద గోదావరిలో కలియును. ఆ గోదావరి సముద్రమును చేరకముందు ధవళేశ్వరమున మరియొక ఆనకట్టను తాకును. అక్కడ మొదటి ఆనకట్టను కట్టించినవాడు ఒక సైనికుడు. ఆయన పేరు సర్ ఆర్థర్ కాటన్. కోస్తావారు ఆయనను కాటన్ దొర అని పిలుచుకొందురు.

ఆయన 1803 మే 15న ఇంగ్లాండులో జన్మించెను. చిన్ననాడే కుంఫిణీ సైన్యపు ఇంజనీర్ల దళములో చేరి, 1821లో, పదునెనిమిదేండ్ల ప్రాయమున, మద్రాసుకు వచ్చెను. 1824లో బర్మా యుద్ధము వచ్చినప్పుడు అక్కడికి వెళ్లి పోరాడెను. కోటలను పడగొట్టు విద్య ఆయనకు బాగుగా తెలియును. అయితే యుద్ధము ముగిసిన తరువాత ఆయన ఆయుష్కాలమంతయు నీటి పనులకే వెచ్చింపబడెను.

కావేరి సీమలో పనిచేయునప్పుడు ఆయన కల్లణైని చూచెను. అది పూర్వము చోళరాజులు కట్టించిన ఆనకట్ట. ఇసుక మీద రాతికట్టడము ఎట్లు నిలుచునో ఆ పాత పనిని చూచి నేర్చుకొనెను. పాలించు జాతివాడనని గర్వింపక, ఈ దేశపు పనివారిని గురువులుగా ఎంచెను. 1836లో కొళ్లిడము మీద ఆయన కట్టించిన ఆనకట్టలు తంజావూరు పొలములకు నీరందించెను.

అంతకుముందు 1832-33లో గుంటూరు సీమను నందన కరవు పట్టుకొనెను. దానినే డొక్కల కరవనియు అందురు. అయిదు లక్షలమంది ఉన్న ఆ సీమలో సుమారు రెండు లక్షలమంది చనిపోయిరి. గోదావరి తీరమును అప్పుడు కరవుకు, వరదకు చిక్కి క్షీణించుచుండెను. ఏటేట అంత నీరు సముద్రము పాలగుచుండగా, ఒడ్డున ఉన్నవారికి గింజలు లేకపోయెను. కాటన్ దొర నదిని పరీక్షించి, ఆనకట్ట అవసరమని దొరతనమువారికి వ్రాసెను. ఖర్చుపెట్టిన సొమ్ము శిస్తు రూపమున తిరిగివచ్చునని లెక్క చూపిన తరువాతనే అనుమతి దొరకెను. పాలకులు లాభమును చూచిరి, ఆయన ఆకలిని చూచెను.

1847లో పని మొదలాయెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా ఆనకట్ట లేచెను. వేలాదిమంది కూలీలు రాళ్లు మోసిరి. వీరన్న అను తెలుగువాడు ఆయనకు కుడిభుజమై నిలిచెను. ఎండకు, జబ్బుకు దొర దేహము క్రుంగినను పని ఆగలేదు. 1852లో ఆనకట్ట పూర్తియాయెను. ఇప్పుడు పాత కట్టకు బదులుగా ఆయన పేరుగల బరాజు నిలిచియున్నది.

1876-78లో ధాత కరవు దక్షిణ దేశమున లక్షలమందిని మ్రింగెను. అప్పుడు గోదావరి డెల్టాలో పంట పండి, ఇతర సీమలకు ధాన్యము వెళ్లెను. ఆయన పనికి ఇంతకంటె సాక్ష్యము అక్కరలేదు. 1861లో ఆయనకు సర్ బిరుదు లభించెను. దైవభక్తిగల ఈ విశ్వాసి 96 సంవత్సరములు జీవించి, 1899 జులై 24న కన్నుమూసెను.

ఇస్సాకు తన తండ్రి త్రవ్వించిన బావులను, పూడిపోయిన తరువాత, తిరిగి త్రవ్వించెనని ఆదికాండము ఇరువది ఆరవ అధ్యాయములో చదువుచున్నాము. పూర్వులు చేసిన మంచిపనిని గుర్తించి కొనసాగించుట విశ్వాసికి తగిన పనియే. మన ఊరి చెరువులును ఎవరో పూర్వులు కట్టినవే. వాటి కాలువలు పూడి, తూములు చెడినప్పుడు, ఎవరో వచ్చి బాగుచేయుదురని కూర్చుండవలెనా? యుద్ధవిద్య నేర్చినవాడు ఆ నేర్పునే అన్నము పెట్టుటకు వాడెను. మనకు తెలిసిన పని, మన చేతిలోని పార, ఎవరి ఆకలిని తీర్చుచున్నవో ఈ మాసమున ఒక్కసారి ఆలోచించుదము.