క్యూసెక్కుల లెక్క యెరిగిన కానూరి లక్ష్మణరావు

పద్యము చెడినచో పాఠకుడు పుస్తకము మూసి మిన్నకుండును. ఇంజనీరు లెక్క తప్పినచో ఊళ్లు మునుగును, లేదా పైరు లెండును. అయినను అతని శ్రమలో పెద్దపాలు మన కంటబడదు. అది పునాదులలో, నీటి అడుగున, లెక్కల కాగితములలో దాగియుండును. అట్టి వృత్తిలో ఆయువు గడిపిన తెలుగువారిలో డాక్టరు కానూరి లక్ష్మణరావుగారు అగ్రగణ్యులు.

వీరు 1902 జూలై 15వ తేదీన విజయవాడకు చేరువనున్న కంకిపాడులో జన్మించిరి. ఆనాటికి బెజవాడ ఆనకట్టకు 47 ఏండ్లు నిండినవి. 1832-33 నాటి డొక్కల కరువులో గుంటూరుసీమ జనము అసంఖ్యాకముగా నశించిరి. ఆ పిదప కాటన్ దొర ప్రోత్సాహముతో ఓర్ అను ఇంజనీరు 1852లో పని మొదలిడి 1855లో ఆనకట్టను పూర్తిచేసెను. కాలువనీరు ఒక సీమ తలవ్రాతను ఎట్లు మార్చగలదో తెలుపుటకు డెల్టాబాలునకు వేరొక పాఠము అక్కరలేదు.

వారి బాల్యము సుఖమైనది కాదు. తొమ్మిదవయేట తండ్రి గతించెను. బడిలో ఆడుకొనుచుండగా గాయమై ఒక కంటిచూపు పోయెను. సన్నని గీతల పటములను నిత్యము పరికింపవలసిన వృత్తిని వారు ఒంటికంటితోనే సాధించిరి. మద్రాసు విశ్వవిద్యాలయమున ఇంజనీరింగులో మాస్టరు పట్టము పొందిన మొదటి విద్యార్థి వీరే. 1939లో ఇంగ్లండునందలి బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయము వీరికి డాక్టరేటు నిచ్చెను. రంగూనులోను, ఇంగ్లండులోను అధ్యాపకులుగా పనిచేసి, ఉక్కుకమ్ముల కాంక్రీటు కట్టడములపై గ్రంథము రచించిరి.

స్వదేశమునకు వచ్చి మద్రాసు ప్రభుత్వమున చేరిన పిమ్మట, పోలవరము చెంత గోదావరిపై తలపెట్టిన రామపాదసాగరమునకు నమూనాలు సిద్ధపరచు పని వీరికి లభించెను. నదీగర్భమున గట్టిరాయి చాల లోతున, ఇసుకమేటల క్రింద నుండుట వలన పునాది పెనుసమస్య యయ్యెను. సావేజ్, టెర్జాగీ వంటి ప్రపంచప్రసిద్ధ నిపుణులను సంప్రదించిరి. తుదకు వ్యయభారమున ఆ పథకము కాగితముపైననే నిలిచిపోయెను. ఏండ్ల తరబడి వేసిన లెక్కలు కట్టడము కాకపోవుట ఈ వృత్తిలో క్రొత్త కాదు. ఆ లెక్కల నుండి నేర్చినది మాత్రము వృథా కాదు.

1950లో వీరు ఢిల్లీకి వెళ్లి నమూనాల శాఖకు డైరెక్టరుగను, 1954లో చీఫ్ ఇంజనీరుగను నియమితులైరి. ఈలోగా 1952లో బెజవాడ ఆనకట్టకు గండిపడెను. దాని స్థానమున 1957 నాటికి నేటి ప్రకాశం బ్యారేజి వెలసెను. ఎంత గట్టి కట్టడమునకైనను వార్ధక్యము తప్పదని డెల్టా ప్రజలు నాడు కన్నులార చూచిరి.

నాగార్జునసాగర రూపకల్పనలో లక్ష్మణరావుగారి పాత్ర ముఖ్యమైనది. భాక్రాలో విదేశీయంత్రములతో కాంక్రీటు ఆనకట్ట కట్టుచున్న కాలమది. విదేశీమారకము కరవైన దేశమునకు రాయి, కూలి చేతులు పుష్కలముగా నున్నవనియు, వానితోనే మహానదిని నిలుపవచ్చుననియు వాదించిన వారిలో వీరు ప్రముఖులు. ఇట్టి ఆనకట్ట తన బరువుతోనే నీటి త్రోపుడును ఓర్చుకొనవలెను. అడుగురాతి పగుళ్లలో దూరిన నీరు దానిని పైకెత్త జూచును. కావున రాతికి బెజ్జములు వేసి సిమెంటుపాలు ఎక్కించి ఆ దారులు మూయుదురు. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. వేలాది కూలీలు రాయి మోయగా 124 మీటర్ల రాతిగోడ లేచెను. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదలిరి. పల్లెలెన్నో మునిగినవి. నాగార్జునకొండ బౌద్ధశిల్పములను త్రవ్వి తీసి మిట్టకు చేర్చిరి. లాభనష్టముల పట్టికలో ఇదియు మరువరాని పద్దు.

1962, 1967, 1971 ఎన్నికలలో విజయవాడ వీరిని లోక్‌సభకు పంపెను. 1963లో పద్మభూషణ బిరుదమును, కేంద్రమున నీటిపారుదల, విద్యుచ్ఛక్తి శాఖామంత్రి పదవియు లభించినవి. పదేండ్లు ఆ శాఖలో నుండిరి. 1972లో గంగా కావేరీ కాలువను ప్రతిపాదించిరి. పాట్నా చేరువన వరదనీటిని 60,000 క్యూసెక్కుల చొప్పున ఏడాదికి 150 దినములు తోడి, 2,640 కిలోమీటర్ల దూరము దక్షిణమునకు నడపుట దాని సారాంశము. నీటిని ఎత్తుటకు కావలసిన విద్యుత్తును, వ్యయమును చూచి ప్రభుత్వము వెనుదీసెను. ఆ ఆలోచనను మెచ్చినవారును, శంకించినవారును నేటికిని కలరు.

సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు పారినచో అది ఒక క్యూసెక్కు. 1978లో వెలువడిన తమ జీవితకథకు వారు ది క్యూసెక్స్ కాండిడేట్ అని పేరిడిరి. మాటలతో ఓటు కోరు లోకమున నీటి కొలతతో ప్రజల ముందు నిలిచిన అభ్యర్థికి ఇంతకన్న తగిన పేరు లేదు. 1986 మే 18న వారు దివంగతులైరి.

సాగరమునకు, విజయవాడకు నడుమ కురిసిన వాన పూర్వము ఆగుటకు తావులేక సముద్రము పాలగుచుండెను. ప్రకాశం బ్యారేజిలో నిలుచునది సుమారు 3 టి.ఎం.సి.లు మాత్రమే. 2013లో ప్రారంభమైన పులిచింతల జలాశయము 45.77 టి.ఎం.సి.లు నిలిపి, డెల్టా నాట్లకు అదనున నీరందించుటకు ఏర్పడినది. దానికి డాక్టరు కె.ఎల్. రావు సాగరమని పేరు. 2021 ఆగస్టులో దాని గేటొకటి కొట్టుకొనిపోయి, మరమ్మతునకై నిలువనీటిని చాలవరకు వదలవలసివచ్చెను. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజి గుండ 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద సాగెను. నది ప్రతియేట ఇంజనీరును మరల పరీక్షించుచునే యుండును.

విద్యార్థులు గ్రహింపవలసినది ఇదియే. రిబ్బను కత్తిరించిన దినమున ఇంజనీరు పని ముగియదు. కాలువ చివరి మడిలో నాటువేళకు నీరు కనబడినపుడే అతని లెక్క సరిపోయినట్లు. ఆ మడి రైతునకు అతని పేరు తెలియకపోవచ్చును. నీరు వచ్చినచో చాలును.