హెలెన్ కెల్లర్ విద్యాదీక్ష

అమెరికా సంయుక్త రాష్ట్రములలో అలబామా అను రాష్ట్రము కలదు. అందలి టస్కంబియా అను చిన్న పట్టణమున 1880వ సంవత్సరము జూన్ 27వ తేదీన హెలెన్ కెల్లర్ జన్మించెను. పుట్టినపుడు ఆమె అందఱు శిశువులవలెనే చూడగలిగెను, వినగలిగెను. పందొమ్మిది మాసముల ప్రాయమున తీవ్రమైన వ్యాధి సోకి, ఆమె చూపును వినికిడిని హరించెను. మాట వినని బిడ్డకు మాట వచ్చుట దుర్లభము. తన కోరికలను తెలుపు దారి లేక ఆ బాలిక తఱచు కోపముతో పెనుగులాడుచుండెను.

1887వ సంవత్సరము మార్చి 3వ తేదీన ఆన్ సలివాన్ అను యువతి ఆమెకు ఉపాధ్యాయినిగా వచ్చెను. సలివాన్ కూడ బాల్యమున చూపును కోల్పోయి, శస్త్రచికిత్స వలన కొంత తిరిగి పొందినది. ఒక్కొక్క అక్షరమునకు ఒక్కొక్క వ్రేళ్ళ గుర్తు కలదు. సలివాన్ ఆ గుర్తులను హెలెన్ అరచేతిలో పెట్టి మాటలు నేర్పసాగెను. ఒకనాడు నీటిపంపు కడ బాలిక యొక్క ఒక చేతిపై చల్లని నీరు పడుచుండగా, రెండవ చేతిలో నీటి పేరును పలుమాఱు వ్రాసి చూపెను. ప్రతి వస్తువునకు ఒక పేరు కలదను సత్యము ఆ క్షణమున బాలికకు స్ఫురించెను. నాటి నుండి ఆమె జ్ఞానతృష్ణకు మేర లేకపోయెను. ఉబ్బెత్తు చుక్కలతో కూడిన బ్రెయిలీ లిపిని వ్రేళ్ళతో తడవి చదువుటను, టైపురైటరుపై వ్రాయుటను ఆమె నేర్చెను.

తాను హార్వర్డులో చదువుదునని హెలెన్ చిన్ననాడే మిత్రులతో చెప్పెను. ఆ కాలమున హార్వర్డు కళాశాలలో స్త్రీలకు ప్రవేశము లేదు. దాని చెంతనే రాడ్‌క్లిఫ్ అను స్త్రీల కళాశాల ఉండెను. అందు చేరగోరు వారు హార్వర్డు ప్రవేశపరీక్షలనే వ్రాయవలెను. చూపు గల వారికే అవి సులభములు కావు. అయినను హెలెన్ వెనుదీయక, 1896వ సంవత్సరము అక్టోబరులో మసాచుసెట్స్ రాష్ట్రమందలి కేంబ్రిడ్జి నగరమున ఒక బాలికల పాఠశాలలో చేరెను. సలివాన్ ప్రక్కన కూర్చుండి, ఉపాధ్యాయులు చెప్పినదెల్ల ఆమె అరచేతిలో తెలుపుచుండెను. చేయి వినుటకే వినియోగింపబడుట వలన తరగతిలో ఏమియు వ్రాసికొనుటకు వీలు లేకుండెను. విన్నదంతయు మనస్సున నిలుపుకొని, ఇంటికి వచ్చిన పిమ్మట వ్రాసికొనుచుండెను.

1897వ సంవత్సరము జూన్ 29 నుండి జులై 3 వఱకు తొలివిడత పరీక్షలు జరిగెను. జర్మను, ఫ్రెంచి, లాటిను, ఆంగ్లము, గ్రీకు రోమను చరిత్రలలో ఆమె పరీక్ష వ్రాసి, అన్నింటను ఉత్తీర్ణురాలయ్యెను. జర్మను, ఆంగ్లములలో విశేషయోగ్యతను పొందెను.

అసలు కష్టము అటుపిమ్మట ఎదురయ్యెను. రెండవ విడతకు గణితము చదువవలసి యుండెను. హెలెనుకు మొదటి నుండి లెక్కలనిన ఇష్టము లేదు. ఓపికతో ఆలోచింపక, జవాబును ఊహించి చెప్పుట ఆమెకు అలవాటు. ఇప్పుడు బీజగణితమును, రేఖాగణితమును తప్పించుకొన వీలు లేదు. బ్రెయిలీ పుస్తకములు సకాలమున రాలేదు. నల్లబల్లపై గీచిన పటములు ఆమెకు కనబడవు. తిన్నని తీగలను, వంపు తీగలను ఒక దిండుపై అమర్చి, వానిని తడవి పటముల స్వరూపమును గ్రహించుచుండెను. ఆమె మితిమీరి శ్రమించుచున్నదని తలచి పాఠశాలవారు పాఠములు తగ్గించిరి. దీనిపై అభిప్రాయభేదము కలుగగా, 1897వ సంవత్సరాంతమున తల్లి ఆమెను పాఠశాల మాన్పించెను.

పాఠశాల విడిచినను హెలెన్ చదువు విడువలేదు. మెర్టన్ కీత్ అను ఉపాధ్యాయుని సాయమున ఇంటనే పరీక్షకు సిద్ధపడ నిశ్చయించుకొనెను. 1898వ సంవత్సరము ఫిబ్రవరి నుండి జులై వఱకు కీత్ వారమునకు రెండు దినములు వచ్చి పాఠములు చెప్పెను. అక్టోబరు నుండి ఎనిమిది మాసములు వారమునకు ఐదు దినములు, దినమునకు సుమారొక గంట బోధించెను. క్రిందటి పాఠములో తెలియని దానిని మొదట విడమఱచి చెప్పుట, పిమ్మట క్రొత్త పని ఇచ్చుట, ఆమె టైపు చేసిన అభ్యాసములను ఇంటికి గొనిపోయి దిద్ది తెచ్చుట ఆయన పద్ధతి. తక్కిన కాలమంతయు ఆమె స్వయముగా శ్రమింపవలెను. పెద్ద లెక్కను చిన్న భాగములుగా విడదీసి, ఒక మెట్టు రూఢియైన పిదపనే రెండవ మెట్టు ఎక్కుట ఆమె నేర్చెను. ఊహించి చెప్పు అలవాటు క్రమముగా తొలగి, నెమ్మదిగా తర్కించి తేల్చు అలవాటు కుదిరెను.

1899వ సంవత్సరము జూన్ 29, 30 తేదీలలో తుదిపరీక్షలు జరిగెను. ఈ పర్యాయము ప్రశ్నలను చదివి చెప్పుటకు సలివానును కళాశాలవారు అనుమతింపలేదు. ప్రశ్నపత్రములను బ్రెయిలీలో వ్రాసి ఇచ్చుటకు వేఱొకరిని నియమించిరి. పరీక్షకు రెండు దినములకు ముందు ఆయన ఒక పాత బీజగణిత పత్రమును హెలెనుకు పంపెను. దానిని తడవి చూచి ఆమె దిగ్భ్రాంతి చెందెను. అప్పటిలో బ్రెయిలీ పద్ధతులు ఒక్కటి కావు. హెలెన్ బీజగణితమును ఆంగ్లేయ పద్ధతిలో నేర్చినది. ఆ పత్రము అమెరికా పద్ధతిలో నున్నది. రెండింట గణితచిహ్నములు వేఱు. ఆమె వెంటనే లేఖ వ్రాసి చిహ్నముల పట్టికను తెప్పించుకొని, క్రొత్త గుర్తులను నేర్వ మొదలిడెను. పరీక్షకు ముందటి రాత్రి కూడ కుండలీకరణములను, మూలచిహ్నములను వేఱుపఱుపలేక తికమకపడెను. మఱునాడు పరీక్షకు కొంచెము ముందుగా పోయి, ఆ గుర్తులను మఱల వివరముగా తెలిసికొనెను. టైపురైటరుపై తాను వ్రాసిన మెట్లను తిరిగి చూచుకొనుటకు కన్నులు లేవు. వానిని మనస్సుననే నిలుపుకొనుచు లెక్కలు చేసెను. అన్ని పరీక్షలలోను ఉత్తీర్ణురాలయ్యెను.

1900వ సంవత్సరమున రాడ్‌క్లిఫ్ కళాశాలలో చేరి, 1904వ సంవత్సరమున ఆమె సమ్మానపూర్వకముగా పట్టము పొందెను. చూపును వినికిడియు లేనివారిలో బి.ఏ. పట్టము పొందిన ప్రథమ వ్యక్తి ఆమెయే. అటుపిమ్మట ఆమె గ్రంథములు రచించుచు, అంధుల క్షేమమునకై దేశదేశములు పర్యటించెను. 1955వ సంవత్సరమున భారతదేశమునకును వచ్చెను. పరీక్షనాడు తనను బాధించిన చిక్కును ఆమె మఱువలేదు. అంధులకు ఒకే లిపి యుండవలెనని వాదించెను. 1932వ సంవత్సరమున అమెరికా, బ్రిటన్ దేశములు ఆంగ్లభాషకు ఒకే బ్రెయిలీ పద్ధతిని అంగీకరించినవి. 1968వ సంవత్సరము జూన్ 1వ తేదీన ఆమె పరమపదించెను.

హెలెనుకు గొప్ప గురువులు లభించిరి. కాని పరీక్షామందిరమున ఆమె చేయి పట్టుకొనుటకు వారెవరును లేరు. అచట ఆమెకు తోడు వచ్చినది దినదినము తాను చేసిన అభ్యాసము మాత్రమే.