మన్యవీరుని గురి

గోదావరీ తీరమున పుట్టి పెరిగినవారిలో శ్రీ అల్లూరి సీతారామరాజు పేరు విననివారుండరు. ఆయన శౌర్యమును పాటలుగను, బుఱ్ఱకథలుగను మన పల్లెలు చెప్పుకొనుచునే యున్నవి. అయితే కొలదిపాటి ఆయుధములతో అంతటి ప్రభుత్వమును రెండేండ్లపాటు ఆయన యెట్లెదిరింప గలిగెనో విచారింపదగియున్నది.

రాజు స్వగ్రామము భీమవరమునకు చేరువనున్న మోగల్లు. 1897 జులై 4వ తేదీన విశాఖపట్టణ ప్రాంతమందలి పాండ్రంగిలో, మాతామహుల యింట జన్మించెను. తండ్రి వెంకటరామరాజుగారు రాజమహేంద్రవరమున ఛాయాచిత్రకారులుగా నుండి, కుమారుని చిన్నతనమునందే స్వర్గస్థులైరి. తల్లి సూర్యనారాయణమ్మగారు, పినతండ్రి రామకృష్ణంరాజుగారు ఆయనను పెంచిరి. కాకినాడ, నరసాపురము మున్నగు చోట్ల చదివినను చదువున మనసు నిలువలేదు. 1917లో కృష్ణదేవిపేట చేరి, తపోనిష్ఠచేతను, మూలికా వైద్యముచేతను మన్యవాసుల కాప్తుడయ్యెను.

ఆనాడు మన్యవాసుల బ్రతుకు దుర్భరము. 1882 నాటి మద్రాసు అటవీ శాసనముతో పోడు సేద్యమునకు అడ్డు వచ్చెను. రోడ్డు పనులలో చాకిరియే గాని తగిన కూలి లేదు. వారి కష్టమే రాజును పోరాటమునకు దింపెను.

వారికున్న ఆయుధములు విల్లమ్ములు, కొన్ని నాటు తుపాకులు. నాటు తుపాకికి మందును గొట్టము నోటినుండి పోసి, పైన గుండు వేసి, కడ్డీతో కూరవలెను. గుండు లోనికి దిగవలెనన్న గొట్టముకంటె కొంచెము సన్నముగా నుండవలెను. అట్లున్నప్పుడు పేలిన మందు బలము కొంత ప్రక్కలనుండి పోవును. గుండు అటునిటు తగులుచు వంకరగా వెడలును. ప్రతి పర్యాయము మందు నొకే కొలతగా పోయుట, గుండునకు నూనెగుడ్డ చుట్టి బిగువు చేయుట, గొట్టమును మసిలేకుండ తుడుచుట - వీనివలన గురి కొంత కుదురును. సర్కారు సైన్యము చేతనున్న రైఫిలు సంగతి వేరు. దాని గొట్టములోపల మరచుట్టువలె గాడులుండుటచే గుండు గిరగిర తిరుగుచు తిన్నగా దూరము పోవును. నాటు తుపాకి నెంత సవరించినను దానితో సమానము కాదు. అదియునుగాక, ఒక దెబ్బ వేసి తిరిగి కూరులోపల శత్రువు పలుమారులు కాల్చగలడు. వానకు మందు తడిసెనా, అదియు లేదు.

కనుక రాజు మొట్టమొదట పోలీసు ఠాణాలపై దృష్టి నిలిపెను. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి - వరుసగా మూడు దినములు మూడు ఠాణాలు పట్టెను. చింతపల్లిలో 11, కృష్ణదేవిపేటలో 7, రాజవొమ్మంగిలో 8, వెరసి 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు లభించెను. చింతపల్లిలో తీసికొనిన వస్తువులను ఠాణా పుస్తకమున వ్రాయించి, క్రింద తాను చేవ్రాలు చేసెను.

ఈ లెక్కను పరిశీలించినచో తుపాకి 1కి 96 తూటాలు మాత్రమే వచ్చును. వ్యయమే గాని జమ లేని పద్దు అది. ఒక్క తూటాయైనను వృథా కారాదు. తుపాకికి లేని గురిని చోటు నేర్పరచుకొనుటలోను, ఓర్పులోను సంపాదింపవలసివచ్చెను. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో ఇదియే రుజువయ్యెను. ఇరుకుదారి; ఇరువైపుల కొండలు, దట్టమైన పొదలు; శత్రువు సమీపమున నడువక తప్పదు. ముందు నడచిన భారతీయ సిపాయిలను పోనిచ్చి, వెనుక వచ్చిన దొరలను మాత్రమే కొట్టిరి. స్కాట్ కవర్డు, హైటరు అను ఇరువురు అధికారులు మరణించిరి. తనవారి నెవరిని కొట్టరాదను నియమమే ఆ గురికి మూలము.

అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరము ఠాణాలకు వెళ్లినను ఆశించిన ఆయుధములు దొరకలేదు. డిసెంబరు 6న పెద్దగడ్డపాలెము వరిచేలలో సైన్యము నెదుర్కొనవలసివచ్చెను. బయలున దూరపు రైఫిలుదే పైచేయి. ఆ పగలు నలుగురు, ఆ రాత్రి మఱి యెనమండుగురు వీరులు నేలకొరగిరి. కొన్ని తుపాకులును పోయెను. కొండలు చేసిన సాయము చేలు చేయజాలలేదు.

అయినను పోరు మఱి పదునేడు నెలలు సాగెను. 1924 మే 7న మంప యొద్ద రాజును పట్టుకొని, కొయ్యూరునకు గొనిపోయి, చెట్టునకు కట్టి కాల్చి చంపిరి. అప్పటికాయనకు ఇరువదియేడేండ్లు నిండలేదు. కట్టబడిన మనుష్యుని కాల్చుటకు గురితో పనిలేదు. సమాధి కృష్ణదేవిపేటలో నున్నది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన మన్యపు జిల్లాకు ఆయన పేరే పెట్టిరి.

సర్కారు తుపాకులను తీసికొనినప్పుడు ఆయన లెక్క వ్రాసి చేవ్రాలు చేసెను. ఆయన ప్రాణమును తీసికొనినవారు విచారణయైనను జరుపలేదు. ఇరువురిలో ధర్మమెవరి పక్షమున నుండెనో ఈ యొక్క పద్దు చాలును.