తెల్లవారుజామున లెక్కలు వేయొద్దు

క్రాన్‌బర్న్‌లో గుర్రప్పందేల మైదానం మా ఇంటికి దగ్గరే. మెల్‌బోర్న్ నడిబొడ్డుకు ఆగ్నేయంగా 40 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న శివారు మాది. ఇక్కడ పందెపు గుర్రాలకు శిక్షణ ఇచ్చే పెద్ద కేంద్రం ఉంది. ఇంకా చీకటి విడవకముందే వాటిని ట్రాక్ మీదకు తీసుకొస్తారు. ఆ వేళకు నేనూ మేలుకునే ఉండేవాణ్ణి. గుర్రాల మీద ఇష్టంతో కాదు, అప్పుల భయంతో.

నాలుగున్నరకు ఎవరో తట్టి లేపినట్టు మెలకువ వచ్చేది. కళ్లు తెరవకముందే గుండె దడ మొదలయ్యేది. ఇంటి లోను వాయిదా, కారు లోను, క్రెడిట్ కార్డులు, గుంటూరులో నాన్న ఆపరేషన్‌కు స్నేహితుడి దగ్గర తీసుకున్న చేబదులు... ఒకదాని వెనుక ఒకటి వరుస కట్టేవి. 2022 మే నుంచి 2023 నవంబరు వరకు ఇక్కడి రిజర్వ్ బ్యాంకు 13 సార్లు వడ్డీ పెంచింది. 0.10 శాతం ఉన్నది 4.35 శాతానికి చేరింది. స్థిర వడ్డీ గడువు ముగిశాక మా నెల వాయిదా ఒక్కసారిగా పెరిగింది. అదే సమయంలో నేను పనిచేసే గిడ్డంగిలో ఓవర్‌టైమ్ తగ్గిపోయింది. నెల గడవడానికి ఒక కార్డు, దాని బాకీ కట్టడానికి ఇంకో కార్డు తీసుకున్నాను. ఆ రెండు కార్డుల సంగతి నా భార్యకు చెప్పలేదు.

ఆదివారం మనవాళ్ల ఇళ్లకు భోజనాలకు వెళ్తే కొత్త ఇళ్లు, కొత్త కార్లు, పిల్లల ట్యూషన్ల కబుర్లే. మన దగ్గర జీతం ఎంతో అడుగుతారు గానీ అప్పు ఎంతో ఎవరూ అడగరు. మనమూ చెప్పం.

గత జూన్‌లో పని మీద సిటీకి వెళ్లాను. జేబులో బ్యాంకు ఉత్తరం ఉంది. పార్లమెంటు భవనం దగ్గర స్ప్రింగ్ స్ట్రీట్ పక్కన చిన్న పార్కులో కూర్చున్నాను. అక్కడ ఒక కంచు విగ్రహం ఉంది. మామూలు బట్టల్లో కూర్చున్న మనిషి, ఆయన కుర్చీ కింద గుర్రపు జీను. విగ్రహం కింద ఆడమ్ లిండ్సే గోర్డన్ అనే పేరు చూశాను. చాలాసార్లు ఆ దారిన వెళ్లినా ఎవరో నాకు తెలియదు. ఆ రాత్రి నిద్ర పట్టక ఫోన్‌లో ఆయన గురించి చదవడం మొదలుపెట్టాను. తెల్లారేవరకూ వదల్లేదు.

గోర్డన్ 1833 అక్టోబరు 19న అజోర్స్ దీవుల్లో పుట్టాడు. తండ్రి బెంగాల్ అశ్విక దళంలో కెప్టెన్‌గా పనిచేసి వచ్చినవాడు. తర్వాత ఇంగ్లండ్‌లోని చెల్ట్‌నమ్ కాలేజీలో హిందుస్తానీ బోధించాడు. కొడుక్కి మాత్రం చదువు కంటే గుర్రాల మీదే ధ్యాస. సైనిక అకాడమీలో చేర్పించినా నిలవలేదు. ఇక లాభం లేదని 1853లో, ఇరవై ఏళ్లు నిండకముందే, దక్షిణ ఆస్ట్రేలియాకు ఓడ ఎక్కించారు. మనలో చాలామంది వచ్చినట్టే ఆయనా తెలిసినవాళ్లు లేని దేశంలో దిగాడు.

అడిలైడ్‌లో దిగీ దిగగానే గుర్రపు పోలీసుల్లో చేరాడు. రెండేళ్లకు ఆ ఉద్యోగం మానేసి, పొగరు గుర్రాలను మచ్చిక చేసే పని పట్టాడు. ఊరూరా తిరిగే పని అది. ఆయనకు దూరపు చూపు సరిగా ఆనేది కాదు. అయినా కంచెలు దూకించే పందేల్లో ఆయన్ను మించిన రౌతు లేడని పేరొచ్చింది. సెలవుల్లో మౌంట్ గాంబియర్‌లోని బ్లూ లేక్ చూడటానికి వెళ్లినవారికి అక్కడ ఒక స్మారక స్తంభం గుర్తుండే ఉంటుంది. 1864లో ఆ సరస్సు అంచున గోర్డన్ గుర్రంతో కంచె దూకిన చోటు అది.

తల్లి చనిపోయాక ఆమె ఆస్తి నుంచి సుమారు 7,000 పౌండ్లు ఆయన చేతికొచ్చాయి. ఆ రోజుల్లో అది పెద్ద సొమ్ము. 1862లో మార్గరెట్ పార్క్‌ను పెళ్లి చేసుకున్నాడు. పోర్ట్ మెక్‌డొనెల్ దగ్గర డింగ్లీ డెల్ అనే చిన్న ఇల్లు కొన్నాడు. ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది. 1865లో మూడు ఓట్ల తేడాతో గెలిచి దక్షిణ ఆస్ట్రేలియా శాసనసభ్యుడయ్యాడు. పైకి చూసేవారికి అన్నీ ఉన్న మనిషి.

కానీ డబ్బు ఆయన దగ్గర నిలవలేదు. స్థలాల మీద పెట్టిన పెట్టుబడి కలిసిరాలేదు. 1866లో సభ్యత్వానికి రాజీనామా చేసి, పశ్చిమ ఆస్ట్రేలియాలో గొర్రెల పెంపకానికి దిగాడు. అదీ నష్టపోయింది. 1867లో కవితల పుస్తకాలు రెండు వేశాడు. వాటి వల్ల డబ్బు రాలేదు. ఆ ఏడాది చివర బల్లారట్‌కు వచ్చి, క్రెయిగ్స్ హోటల్‌కు చెందిన గుర్రాల లాయాన్ని అద్దెకు తీసుకున్నాడు. మనం పిల్లలను తీసుకుని సావరిన్ హిల్ చూడటానికి వెళ్లే బల్లారట్ అదే. ఆ హోటల్ ఇప్పటికీ లిడియార్డ్ స్ట్రీట్‌లో నడుస్తోంది.

1868 ఆయనను అన్ని వైపుల నుంచీ కొట్టింది. మార్చిలో గుర్రం వల్ల తలకు పెద్ద దెబ్బ తగిలింది. ఏప్రిల్‌లో ఏడాది కూడా నిండని కూతురు చనిపోయింది. లాయంలో నిప్పు అంటుకుంది. వ్యాపారం మునిగి, అప్పులు మిగిలాయి. అదే ఏడాది అక్టోబరు 10న మెల్‌బోర్న్‌లో ఒకేరోజు మూడు పందేలు గెలిచాడు. జనం చప్పట్లు కొట్టారు. ఇది చదివినప్పుడు నాకు మన ఆదివారం భోజనాలే గుర్తొచ్చాయి. గెలిచిన మనిషి ఇంటికి వెళ్లి ఏ లెక్కలు చూసుకుంటున్నాడో చూసేవాళ్లకు ఎలా తెలుస్తుంది?

తర్వాత మెల్‌బోర్న్ సముద్రతీరంలోని బ్రైటన్‌కు మకాం మార్చాడు. ఒక పెద్ద ఆశ ఆయనను పట్టుకుంది. స్కాట్లండ్‌లో ఎస్లెమాంట్ అనే పూర్వీకుల ఎస్టేటుకు తానే వారసుడినని నమ్మాడు. అది వస్తే అప్పులన్నీ తీరిపోతాయి. మన ఊళ్లో పొలం అమ్ముడుపోతే ఇక్కడ అన్నీ సర్దుకుంటాయని మనం ఎదురుచూడమా, అలాగే ఆయనా ఎదురుచూశాడు. 1870 మార్చిలో ఫ్లెమింగ్టన్ పందెంలో మళ్లీ తలకు దెబ్బ తగిలింది. జూన్‌లో ఎస్టేటు మీద హక్కు లేదని తేలిపోయింది.

1870 జూన్ 23న ఆయన కొత్త పుస్తకం బుష్ బాలడ్స్ అండ్ గాలపింగ్ రైమ్స్ విడుదలైంది. అచ్చు ఖర్చు ఎంత బాకీ పడ్డాడో ఆ రోజే తెలుసుకున్నాడు. కట్టడానికి చేతిలో ఏమీ లేదు. అదే రోజు హెన్రీ కెండల్ అనే మరో కవి కలిసి, ఆ పుస్తకాన్ని మెచ్చుకుంటూ తాను రాసిన సమీక్షను ప్రూఫులోనే చూపించాడు. అంటే ఒకే రోజు ఆయనకు బాకీ లెక్కా, మెచ్చుకోలూ రెండూ అందాయి. మర్నాడు తెల్లవారేసరికి మనసులో ఏది మిగిలిందో మనకు తెలుసు. ఇల్లు ఇంకా నిద్ర లేవకముందే ఆయన ఒంటరిగా బయటికి నడిచి, తన ప్రాణం తానే తీసుకున్నాడు. అప్పటికి వయసు 36. బ్రైటన్ శ్మశానవాటికలో సమాధి ఉంది.

అప్పు ఒక్కటే కారణమని నేను అనను. తల మీద దెబ్బలు, బిడ్డను పోగొట్టుకున్న దుఃఖం, పాత దిగులు అన్నీ కలిశాయి. కానీ ఆ ఉదయం ఆయన వేసిన లెక్కలో ఇవ్వాల్సినవి మాత్రమే ఉన్నాయి. మెచ్చుకున్న స్నేహితుడు లేడు, భార్య లేదు, ఇంకో దారి చూపగల మనిషి ఒక్కరూ లేరు. తర్వాత ఆ పుస్తకం మళ్లీ మళ్లీ అచ్చయింది. 1932లో ఇక్కడ విగ్రహం నిలిపారు. 1934లో లండన్ వెస్ట్‌మినిస్టర్ అబేలోని కవుల మూలలో ఆయన శిల్పం పెట్టారు. ఆ గౌరవాలేవీ ఆయన చూడలేదు, ఆయన భార్యకు పోయిన మనిషిని తెచ్చివ్వలేదు.

నన్ను ఎక్కువగా పట్టి ఉంచింది ఆ రోజు ఆయనను కలిసిన కెండల్ కథ. కెండల్‌దీ అదే పరిస్థితి. అప్పులు, తాగుడు, అదే ఏడాది పోయిన పసికూతురు. ఆ తర్వాత కోర్టు కేసు, మానసిక చికిత్సాలయం కూడా చూశాడు. భార్యాపిల్లలు దూరమయ్యారు. గోర్డన్ కంటే బాగున్నాడని ఎవరూ అనలేరు. అయితే 1873లో న్యూ సౌత్ వేల్స్‌లోని గాస్‌ఫర్డ్ దగ్గర ఫాగన్ అనే కలప వ్యాపారుల కుటుంబం ఆయనను తమ ఇంట్లో పెట్టుకుంది. తిండి పెట్టారు, పని ఇచ్చారు. మెల్లగా కోలుకున్నాడు. 1876లో భార్యాపిల్లలు మళ్లీ ఆయన దగ్గరికి వచ్చారు. 1881లో ప్రభుత్వ అడవుల ఇన్‌స్పెక్టర్ అయ్యాడు. మరుసటి ఏడాదే జబ్బు చేసి పోయాడు గానీ, ఆ మధ్య ఏళ్లు ఆయనకూ ఇంటివాళ్లకూ దక్కాయి. ఆ ఇల్లు ఇప్పుడు కెండల్ పేరు మీద మ్యూజియంగా ఉంది.

ఇద్దరి మధ్య తేడా ధైర్యంలో ఉందని నేను అనుకోను. ఒకరి అవస్థ ఇంకొకరికి తెలిసింది, వాళ్లు తలుపు తీశారు. మరొకరి అవస్థ పూర్తిగా ఎవరికీ తెలియకుండానే తెల్లారిపోయింది.

ఇది చదివిన శనివారం, టిఫిన్లు అయ్యాక, కాగితాలన్నీ తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టాను. దాచిన రెండు కార్డులతో సహా. నా భార్య అరవలేదు. చాలాసేపు మాట్లాడలేదు. అప్పు కంటే రెండేళ్లు దాచడమే ఆమెకు ఎక్కువ బాధ కలిగించింది. ఆ బాధ ఇప్పటికీ పూర్తిగా పోలేదు. కాసేపటికి పిల్లల పాత నోటు పుస్తకం తెచ్చి, వాళ్లమ్మ పాల పద్దు రాసినట్టు గీతలు గీసి, ఎవరికెంత అని ఒక్కొక్కటే రాసింది. ఇంటి లోను కాకుండా 61,400 డాలర్లు తేలింది. తక్కువేం కాదు. కానీ నాలుగున్నర గంటల చీకట్లో దానికి అడుగే ఉండేది కాదు. కాగితం మీద అదొక అంకె.

సోమవారం నేషనల్ డెట్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాను. నంబరు 1800 007 007. డబ్బు అడగరు, తప్పు పట్టరు. అప్పుడు తెలిసింది, ఇబ్బందిలో ఉన్నామని మనమే బ్యాంకుకు చెబితే ఇక్కడి చట్టం ప్రకారం వాళ్లు పరిశీలించాలి, సాధారణంగా 21 రోజుల్లో జవాబివ్వాలి. కొన్నాళ్లు వాయిదా తగ్గించవచ్చు లేదా ఆపవచ్చు. వడ్డీ మాఫీ కాదు, గడువు పెరుగుతుంది. జవాబు న్యాయంగా లేదనిపిస్తే ఆస్ట్రేలియన్ ఫైనాన్షియల్ కంప్లెయింట్స్ అథారిటీకి ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. ఇంగ్లిషులో చెప్పడం కష్టమైన పెద్దవాళ్లు 131 450కు ఫోన్ చేసి తెలుగు అనువాదకుణ్ణి అడగవచ్చు. మాకు ఆరు నెలలు వాయిదా తగ్గించారు. కారు అమ్మేసి పాతది కొన్నాం. స్నేహితుడికి ఉన్న విషయం చెప్పి, నెలకు కొంత చొప్పున ఇస్తున్నాను.

మెలకువ మాత్రం ఇప్పటికీ వస్తుంది. నిద్ర లేచిన తొలి అరగంట, ముప్పావుగంటలో శరీరంలో కార్టిసాల్ పెరగడం సహజమని డాక్టరు చెప్పారు. దడగా ఉన్న ఆ కాసేపట్లో తోచిందంతా నిజమని నమ్మనక్కర్లేదు. అందుకే ఆ వేళలో బ్యాంకు యాప్ తెరవను. లేచి ముఖం కడుక్కుని, కాఫీ పెట్టుకుని, మైదానం వైపు నడుస్తాను. పద్దు పుస్తకం శనివారం పదిగంటలకే, ఇద్దరం కూర్చున్నాకే తెరుస్తాం.

మీకూ ఆ వేళ మెలకువ వస్తుంటే, తెల్లారాక ఒక్కరికైనా చెప్పండి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు. ఆస్ట్రేలియాలో లైఫ్‌లైన్ 13 11 14, అమెరికాలో 988, భారత్‌లో టెలీ మానస్ 14416 ఏ వేళైనా పలుకుతాయి. మీ ఇంటికి భోజనానికి వచ్చినవాళ్లలో ఎవరైనా ఈమధ్య మాట తగ్గించారనిపిస్తే, వాళ్లు వెళ్లేముందు కారు దాకా తోడు నడిచి, ఎలా నడుస్తోందని ఒకసారి అడగండి.