గుర్రమెక్కిన మంత్రసాని: మేరీ బ్రెకిన్‌రిడ్జ్

రోగికి శుశ్రూష చేయుట ఒక విద్య. పురుడు పోయుట వేరొక విద్య. ఇరవయ్యవ శతాబ్ది తొలినాళ్ల అమెరికాలో ఈ రెండింటి నడుమ దారి లేనట్లే ఉండేది. ఆసుపత్రిలో చదివిన నర్సు స్వయంగా పురుడు పోయరాదు. కొండపల్లెలలో పురుళ్లు పోసే ముసలి మంత్రసానికి చదువు లేదు. ఆ దారి వేసిన మేరీ బ్రెకిన్‌రిడ్జ్ జీవితాన్ని, నర్సింగు వృత్తిని కోరుకునే మా విద్యార్థినుల ముందుంచదలచాము.

ఆమె 1881లో మెంఫిస్ నగరంలో, పేరుగల రాజకీయ కుటుంబంలో జన్మించారు. తండ్రి రష్యాలో అమెరికా రాయబారిగా పనిచేశారు. 1906లో భర్త మరణించగా, ఆమె న్యూయార్కులోని సెయింట్ లూక్స్ ఆసుపత్రిలో చేరి, 1910లో నర్సుగా ఉత్తీర్ణులయ్యారు. తరువాత మరల వివాహమాడారు. 1916లో నెలలు నిండక పుట్టిన కూతురు కొన్ని గంటలకే కన్నుమూసింది. 1918లో నాలుగేళ్ల కుమారుడు బ్రెకీ కూడా మరణించాడు. ఆ కాపురమూ నిలువలేదు.

కడుపుకోతకు లోనైన ఆ తల్లి పరుల బిడ్డల సేవకు పూనుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో శిథిలమైన ఫ్రాన్సు పల్లెలలో పనిచేస్తూ, నర్సు విద్యతోపాటు మంత్రసానితనమూ నేర్చిన బ్రిటిష్ స్త్రీలను చూశారు. తన దేశానికి కావలసినది ఇదేనని గ్రహించారు. 1923 వేసవిలో కెంటకీ కొండలలో గుర్రంపై తిరిగి అక్కడి మంత్రసానులను కలుసుకుని, వారి పద్ధతులను విచారించారు. పిదప లండన్ చేరి, వూలిచ్‌లోని తల్లీబిడ్డల ఆసుపత్రిలో విద్యార్థినిగా చేరారు.

అప్పటికామె వయస్సు నలభై రెండేళ్లు. చదువు ముగిసి పదమూడేళ్లయింది. ఫ్రాన్సులో నర్సుల చేత పని చేయించిన అనుభవమున్నది. అయినా తిరిగి పలక పట్టారు. నర్సు వైద్యుని ఆజ్ఞను పాటించుటకు అలవాటు పడినది. మంత్రసానియో, నడిరేయి ఒంటరిగా గర్భిణి ప్రక్కన కూర్చుని తానే నిర్ణయించవలెను. సహజమైన ప్రసవాన్ని తొందరపెట్టక కనిపెట్టి ఉండుట, అది దారి తప్పిన క్షణాన్ని గుర్తించి వైద్యునికి కబురంపుట, ఈ రెండూ ఆమెకు క్రొత్త బాధ్యతలు. పాత విద్యకు ఇది కేవలం అనుబంధమని మేము భావించము. పరీక్షలో నెగ్గి, మంత్రసానిగా అధికారిక గుర్తింపు పొందారు. 1924లో స్కాట్లండు కొండలలోను, ద్వీపాలలోను విసిరివేసినట్లున్న ఇళ్లకు నర్సులు సేవలందించే తీరును కూడా పరిశీలించి వచ్చారు.

1925లో కెంటకీలోని లెస్లీ కౌంటీలో పని మొదలైనది. ఆ సంస్థయే తరువాత ఫ్రాంటియర్ నర్సింగ్ సర్వీసు అయినది. బండి నడిచే బాటలు కూడా సరిగా లేని ప్రాంతమది. నర్సులు గుర్రాలపై వాగులు దాటి వెళ్లేవారు. పురుడుకు రుసుము అయిదు డాలర్లు. డబ్బు లేనివారు వస్తువులో, పనియో ఇచ్చి తీర్చేవారు. తొలి వేయి పురుళ్ల లెక్కలను లూయీ డబ్లిన్ అను గణాంకవేత్త పరిశీలించగా, తల్లుల మరణాలు దేశపు సగటుకంటే ఎంతో తక్కువని తేలినది. పేద కొండజాతి ఇళ్లలో ఇది సాధ్యపడినదన్నది గమనార్హం.

ఇంతటి ఉదారురాలు జాతి వివక్ష విషయంలో మాత్రం తన కాలపు గోడలను దాటలేకపోయారు. ఆ మాట దాచుట చరిత్రకు న్యాయం కాదు.

1939లో యుద్ధం రాగా, ఆమె వద్దనున్న బ్రిటిష్ నర్సులు పలువురు స్వదేశానికి మరలిపోయారు. సముద్రం దాటి చదువుకొనుటా అసాధ్యమైనది. వెంటనే కెంటకీలోనే నర్సులకు మంత్రసాని విద్యాలయం ప్రారంభించారు. 1965లో ఆమె మరణించునాటికి, అక్కడ చదువుటకు ఏ నర్సూ లండన్ ఓడ ఎక్కవలసిన అవసరం లేకపోయినది.