దక్షిణం ఎవరి సొత్తు? రాబర్ట్ స్మాల్స్ జీవితం

అమెరికా అంతర్యుద్ధం ముగిసి నూట అరవై ఏళ్లు దాటినా, దాన్ని ఎలా గుర్తుంచుకోవాలన్న గొడవ మాత్రం తీరలేదు. దక్షిణాది రాష్ట్రాల జెండాను, సేనాపతుల విగ్రహాలను ప్రాంతీయ ఆత్మగౌరవానికి గుర్తులంటారు కొందరు. ఆ ప్రాంతంలో మేమూ పుట్టామని నల్లజాతి ప్రజలు అడిగే ప్రశ్నకు మాత్రం వాళ్ల దగ్గర జవాబు ఉండదు. ఆ ప్రశ్నకు నిలువెత్తు రూపం రాబర్ట్ స్మాల్స్.

1839లో సౌత్ కరోలినాలోని బ్యూఫోర్ట్‌లో బానిస తల్లి లిడియాకు ఆయన పుట్టాడు. పన్నెండేళ్లకే చార్లెస్టన్‌లో కూలికి పెట్టారు. కష్టం ఆయనది, జీతం యజమానిది. వారానికి ఒక్క డాలరు చేతిలో పడేది. భార్య హన్నాను, కూతుర్ని విడిపించుకోవాలంటే 800 డాలర్లు కట్టాలన్నారు. ఆయన కూడబెట్టగలిగింది అందులో చాలా కొద్ది భాగమే.

యుద్ధం వచ్చాక ప్లాంటర్ అనే స్టీమరు నడిపే పనిలో పెట్టారు. పైలట్ చేసే పనంతా చేసినా, నల్లవాడు కనుక ఆ హోదా ఇవ్వలేదు. పని చేయించుకుని పేరు ఇవ్వకపోవడం మనకు కొత్త సంగతేమీ కాదు.

1862 మే 13 తెల్లవారుజామున తెల్ల అధికారులు ఒడ్డున ఉండగా, స్మాల్స్ కెప్టెన్ టోపీ పెట్టుకుని ఓడను కదిలించాడు. దారిలో కుటుంబాలను ఎక్కించుకున్నాడు. కోటల ముందు సరైన ఈల సంకేతాలిస్తూ ఫోర్ట్ సమ్టర్ దాటాడు. తెల్ల దుప్పటి ఎగరేసి, ఫిరంగులతో సహా ఓడను ఉత్తరాది నౌకాదళానికి అప్పగించాడు. పట్టుబడితే చావే. పదహారు మంది ఆ ఉదయం స్వేచ్ఛ పొందారు.

తర్వాత తనను బానిసగా ఉంచిన యజమాని ఇంటినే కొనుక్కున్నాడు. 1868 రాష్ట్ర రాజ్యాంగ సభలో ఉచిత ప్రభుత్వ బడుల కోసం నిలబడ్డాడు. ఐదుసార్లు అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికయ్యాడు. 1895లో బెన్ టిల్‌మన్ వర్గం కొత్త రాజ్యాంగం రాసి నల్లవారి ఓటు లాక్కుంటుంటే, సభలో ఉన్న ఆరుగురు నల్లజాతి ప్రతినిధుల్లో ఒకడిగా ఎదురు నిలిచాడు. ఓడిపోయాడు. 1915లో బ్యూఫోర్ట్‌లోనే కన్నుమూశాడు.

తర్వాత జ్ఞాపకం ఎవరి చేతిలోకి పోయిందో చూద్దాం. టిల్‌మన్ విగ్రహం 1940లో రాష్ట్ర శాసనసభ ఆవరణలోకి వచ్చింది. నల్లజాతి హక్కుల ఉద్యమం ఊపందుకున్న 1960ల తొలినాళ్లలో శాసనసభ గోపురం మీద దక్షిణాది జెండా ఎగిరింది. అది వారసత్వమే తప్ప ద్వేషం కాదన్నారు. కానీ ఆ రాష్ట్రం 1860లో యూనియన్ నుంచి విడిపోతూ చేసిన ప్రకటనే బానిసత్వ రక్షణను కారణంగా చెప్పింది. ఆనాటి రాష్ట్ర జనాభా సుమారు 7 లక్షలైతే, అందులో 4 లక్షల మందికి పైగా బానిసలు. సగానికి మించిన జనాన్ని లెక్కలోంచి తీసేసి దాన్ని ప్రాంత గౌరవం అని ఎలా అంటాం?

2015 జూన్‌లో చార్లెస్టన్ చర్చిలో తొమ్మిది మంది నల్లజాతీయులను ఒక తెల్ల దురహంకారి కాల్చి చంపాకే, శాసనసభ ఆవరణలోంచి ఆ జెండా దిగింది. 2023లో అమెరికా నౌకాదళం, దక్షిణాది సేనల విజయం పేరున్న చాన్సలర్స్‌విల్ యుద్ధనౌకకు స్మాల్స్ పేరు పెట్టింది. 2024లో శాసనసభ ఆవరణలో ఆయన విగ్రహం పెట్టాలని రాష్ట్రం చట్టం చేసింది. అక్కడ ఒక నల్లజాతి వ్యక్తికి విగ్రహం కావాలన్న నిర్ణయం అదే మొదటిసారి.

జోతిరావు ఫూలే 1873లో తన గులాంగిరీని బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. ఆ పోరాటాన్ని ఆయన తన ప్రజల పోరాటానికి దగ్గరిదిగా చూశాడు. మనమూ అలాగే చూడాలి. ప్రాంతం పేరు, సంస్కృతి పేరు చెప్పి ఎవరైనా గర్వపడమన్నప్పుడు, ఆ గర్వంలో మన తాతముత్తాతల చెమటకు చోటుందా అని అడగాలి. స్మాల్స్ పుట్టిన ఊరికే తిరిగొచ్చాడు. ఓటు పోయినా, పదవి పోయినా, ఆ నేల తనదేనంటూ అక్కడే బతికాడు.