భాస్వరమును కొలిచిన తెలుగువాడు: యల్లాప్రగడ సుబ్బారావు

ఒక పదార్థమున ఏమేమి కలవో తెలిసికొనుట సగము విద్య; ఏది ఎంత కలదో తెలిసికొనుట తక్కిన సగము. ఆ రెండవ సగమును సాధించి లోకమునకు మేలొనర్చిన మహనీయుడు యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు మదరాసు హిందూ హైస్కూలునుండి ఉత్తీర్ణుడయ్యెను. వైద్య కళాశాలలో చదువునపుడు గాంధీ మహాత్ముని పిలుపు విని ఖద్దరు ధరించెను. అది శస్త్రవైద్యాచార్యునికి రుచింపలేదు. తుదకు ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారుగా, అంతకంటె తక్కువదగు ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను. అంతకు మించిన దుఃఖమేమనగా, ఆయన సోదరులిద్దరు కొద్ది దినముల తేడాలో స్ప్రూ అను గ్రహణివ్యాధికి బలియైరి. నాడు దానికి తగిన మందు లేదు.

1922లో ఆయన అమెరికాలోని బోస్టను నగరము చేరెను. జీవనమునకై రాత్రులు ఆసుపత్రిలో సేవకుడుగా పనిచేయుచు హార్వర్డు విశ్వవిద్యాలయమున చదివెను. ఫిస్కే అను ఆచార్యునితో కూడి 1925లో, రక్తము మున్నగు వానిలోని భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించెను. పరీక్షింపవలసిన ద్రవమునకు మాలిబ్డేటు మొదలగు ద్రావణములు చేర్చినచో నీలివర్ణము పుట్టును. భాస్వరము హెచ్చిన కొలది రంగు చిక్కనగును.

ఈ కొలతల విలువ మన బాగేపల్లి, చింతామణి రైతుల ఇండ్లలోని యూరియా సంచిని చూచినను తెలియును. దానిపై నత్రజని 46 శాతమని యుండును. యూరియా అణువున కర్బనము 12, ఆమ్లజని 16, నత్రజని 28, ఉదజని 4 వంతులు, మొత్తము 60. 28ని 60చే భాగించి నూటిచే గుణించిన 46.67 వచ్చును. సరుకులో తేమ మొదలగునవి కొంచెము ఉండుటచే సంచిపై 46 అని వేయుదురు. శుద్ధమైన యూరియా ఎచ్చట తయారైనను ఈ నిష్పత్తి మారదు. కావుననే కొలిచిన పాళ్లను బట్టి పదార్థపు నిర్మాణమును గుర్తింపవచ్చును.

కండరముల ద్రవమున నీలిరంగు ఆలస్యముగా వచ్చుట గమనించి, సుబ్బారావు, ఫిస్కేలు కారణమును వెదకిరి. అచ్చటి భాస్వరము క్రియాటినుతో కూడియుండి, మెల్లగా విడివడుచుండెను. ఆ పదార్థమే 1927లో వెల్లడియైన ఫాస్ఫోక్రియాటిను. 1929లో వారు ఏ.టి.పి.ని వర్ణించిరి. దానిని విడగొట్టగా అడెనిను ఒకటి, చక్కెర ఒకటి, ఫాస్ఫారికామ్లము మూడు అణువుల లెక్కన లభించెను. దాని అణుభారము 507, మూడు భాస్వర పరమాణువుల భారము 93, అనగా 18.3 శాతము. జీవకణముల పనులకు శక్తి నందించునది ఇదియే.

1940లో ఆయన లెడర్లీ పరిశోధనాలయమున చేరెను. ఆయన నాయకత్వమున 1945 నాటికి ఫోలికామ్లము కృత్రిమముగా తయారయ్యెను. అది స్ప్రూ రోగుల రక్తహీనతను మాన్పెను. సోదరులకు దక్కని మందు అన్యులకు దక్కినది. బోదకాలు వ్యాధికి వాడు హెట్రజాను కూడ అచ్చటనే పుట్టెను. 1948 ఆగస్టులో, 53 ఏండ్ల ప్రాయమున, సుబ్బారావు పరమపదించెను.

విద్యార్థులారా! ఫోలికామ్లపు అణువున కర్బనము 19, ఉదజని 19, నత్రజని 7, ఆమ్లజని 6 పరమాణువులు కలవు. వాని భారములు వరుసగా 12, 1, 14, 16. నత్రజని నూటికెంతయో లెక్కింపుడు. తెలుగున చేసినను, కన్నడమున చేసినను 22.2 రావలెను. మొదటిమారు రానిచో మరల చేయుడు. మూడవమారు గెలిచినవాని చరిత్రమునే మీరిపుడు చదివితిరి.